నిండుకు నిండు

పంపు మీది రేకు కప్పు
పడమటి గాలితో పగలంతా ఏదో ఒకటి అంటూనే ఉంటుంది.
పద్దెనిమిదేళ్ళుగా విని విని నాకిప్పుడది వినబడదు.
ఇటు తర్వాతి బంకు నూట తొంభై కిలోమీటర్లు,
అటు రెండొందల నలభై.
మధ్యలో గొర్రెలు, కంచె, మళ్ళీ కంచె.
పటగోనియాలో ఈ ముక్కలో మనుషులు నాకు
మొహాలతో కాదు, ట్యాంకు మూతలతో గుర్తు.

ఎలెవుతేరియోది మూత పోయిన బండి, గుడ్డపీలిక కుక్కుతాడు.
గొట్టం టక్కుమని ఆగాక కూడా
"ఇంకాస్త, రమోనా, ఇంకాస్త" అంటాడు,
పంక్తి చివర కూర్చున్నవాడు నేతిగిన్నెను చూసినట్టు చూస్తూ.
పొంగి చక్రం మీదుగా కారిన ఆ అరలీటరు
ఏ మైలేజీలోకీ రాదు.
మట్టి తాగేసి ఊరుకుంటుంది.

బడి పంతులు తెల్లారకముందే వస్తాడు,
చలికి పెట్రోలు చిక్కబడుతుందట, లీటరుకి ఎక్కువొస్తుందట.
నేల లోపలి తొట్టికి
పొద్దూ మాపూ తెలియదని చెప్పాను.
తలూపి, మర్నాడూ చీకట్లోనే వచ్చాడు.

నేలిదా అర ట్యాంకు మనిషి.
మందుల పెట్టెలతో ఎస్టేటు ఎస్టేటుకీ తిరిగే నర్సు, పాత రెనో.
"నిండితే పదిహేడు కిలోలు ఎక్కువ, పిల్లా.
ఒక గొర్రెపిల్లను ఊరికే ఊరేగించినట్టే."
అట్ట ఊడిన పుస్తకంలో తేదీ, లీటర్లు, కిలోమీటర్లు,
పెన్సిలు అంకెలు చీమల బారులా.
ఎంత మిగిలిందమ్మా అంటే
కళ్ళజోడు తుడుచుకుని
"నూటికొకటి. అదీ ఉంటే."
అరకీ అరకీ మధ్య కొలిస్తే ముల్లు చెప్పిందే లెక్క కదా,
నిండుకు నిండు కొలిస్తేనే నిజమని
నేనన్నాను ఒకసారి.
ముల్లు మీద ఆవిడకి నమ్మకం.
ముల్లు సంగతి నాకు తెలుసు:
పై సగంలో పెళ్ళికొడుకులా నడుస్తుంది,
కింది సగంలో అప్పులవాణ్ణి చూసినట్టు పరిగెడుతుంది.

జూలైలో ఓ రోజు
తూర్పున నూట ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి కబురు,
కాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది.
అర ట్యాంకుతో వెళ్ళింది. గాలి వీపున చెయ్యేసి తోసింది,
ముల్లు కదిలీ కదలనట్టు.
బిడ్డ దక్కింది. తిరుగుదారిలో అదే గాలి
ఎదురొచ్చి రొమ్ము మీద చెయ్యేసింది.
మా రేకు కప్పుకి ఇంకా అయిదు కిలోమీటర్లుందనగా
రెనో దగ్గి, ఆగింది.

రాత్రి పదకొండుకి అటు వచ్చింది ఎలెవుతేరియో.
రబ్బరు గొట్టం తన ట్యాంకులో పెట్టి
నోటితో లాగి, ఉమ్మి, బూతు తిట్టి,
అయిదు లీటర్లు పోశాడు.
డబ్బు తీసుకోలేదు. వారం రోజులు మాత్రం
ఆ రుచి గురించి అందరికీ చెప్పాడు.
పుస్తకంలో ఆ తేదీ దగ్గర ఉంది:
"5 లీ. (ఎ. నోటి నుంచి)."

పొద్దున్నే వచ్చి "నింపు" అంది.
నాలుగు రోజులకి మళ్ళీ "నింపు."
బల్ల మీద వంగి భాగహారం చేసింది, పెదవులు కదుపుతూ.
తూర్పుకి లీటరుకి పదమూడు.
పడమటికి తొమ్మిది.
చాలాసేపు ఆ రెండంకెల్నీ చూసింది.
ఇన్నేళ్ళుగా గొర్రెపిల్లను తూస్తూ కూర్చున్నాను, అంది,
గాలిని వదిలేసి.

గాలికి పోయిన పిండిని
ఏ దేవుడి ఖాతాలో రాయాలో మాకిక్కడ తెలియదు.
ఆవిడ మాత్రం ఒక కొత్త గడి గీసింది, పేరు పెట్టలేదు.

ఇప్పుడు బండి ఆపగానే అద్దం దించి
ఒక నిమిషం ఏమీ మాట్లాడదు.
తల కొంచెం పక్కకి వంచి, పైన రేకు చెప్పేది వింటుంది.
తర్వాతే ఎన్ని లీటర్లో చెబుతుంది.
గొట్టం చేత్తో పట్టుకుని నేనూ ఆగుతాను.
పద్దెనిమిదేళ్ళ తర్వాత,
ఆ చప్పుడు మళ్ళీ.